చేతి తుపాకుల క్యాలిబర్

క్యాలిబర్ అనగా తుపాకీ గొట్టం లోపలి వ్యాసం, లేదా అందులోనుండి వెలువడే గుండు వ్యాసం. భారతదేశంలో లైసెన్సు వ్యవహారాలలో దీనినే "బోర్" అంటారు. పిస్తోలు, రివాల్వర్ వంటి చేతి తుపాకులలో ఆత్మరక్షణకు ఏ క్యాలిబర్ మేలు అనే వాదం నూరేళ్ళకు పైబడి సాగుతున్నది.

పేర్లు, కొలతలు

క్యాలిబర్‌ను అంగుళాలలో గాని మిల్లీమీటర్లలో గాని చెబుతారు. .45 అనగా అంగుళంలో నూటికి 45 వంతులు, సుమారు 11.4 మి.మీ. అయితే పేరును బట్టి కొలతను నమ్మరాదు. 1898 నాటి .38 స్పెషల్ గుండు అసలు వ్యాసం .357 అంగుళాలు మాత్రమే. అందువలననే .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాను పేల్చవచ్చును. మాగ్నమ్ తూటా పొడవెక్కువ కనుక దానిని .38 రివాల్వర్‌లో వాడరాదు.

వ్యాసం ఒక్కటే శక్తిని నిర్ణయించదు. .45 ఏసీపీ గుండు సుమారు 15 గ్రాముల బరువుతో, సెకనుకు 255 మీటర్ల వేగంతో వెళ్తుంది. 9 మి.మీ. పారాబెల్లమ్ గుండు అందులో సగం బరువే ఉన్నా సెకనుకు 350 మీటర్లు దాటుతుంది. గతిశక్తిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండూ 500 జౌళ్ళకు అటూ ఇటూగా ఉంటాయి.

పెద్ద గుండు వాదం

ఫిలిప్పీన్స్‌లో మోరోలతో జరిగిన పోరాటాలలో .38 లాంగ్ కోల్ట్ రివాల్వర్లు శత్రువును నిలువరించలేకపోతున్నాయని అమెరికా సైనికులు ఫిర్యాదు చేశారు. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే అధికారులు పశువుల మీద, మృతదేహాల మీద గుండ్లను పరీక్షించి, సైన్యానికి .45కు తగ్గని క్యాలిబర్ కావాలని సిఫారసు చేశారు. పరీక్షించిన సంఖ్య చాలా స్వల్పమని తరువాతివారు విమర్శించినా, ఆ నమ్మకం మాత్రం బలంగా నాటుకున్నది. 1911లో స్వీకరించిన .45 పిస్తోలు స్థానంలో 1985లో 9 మి.మీ. పిస్తోలును ఎంపిక చేసేవరకు అమెరికా సైన్యంలో ఆ క్యాలిబర్‌దే ప్రధాన స్థానం.

మయామీ కాల్పులు

1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పులలో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరణించగా ఐదుగురు గాయపడ్డారు. నిందితులలో ఒకనికి తగిలిన 9 మి.మీ. గుండు గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. అతడు ఆ తరువాత కూడా కాల్పులు కొనసాగించాడు. దీనితో వ్యాసం కంటె గుండు లోతుగా చొచ్చుకుపోవడమే ముఖ్యమని ఎఫ్‌బీఐ భావించి, జెలటిన్ దిమ్మెలో 12 నుండి 18 అంగుళాల లోతును ప్రమాణంగా పెట్టుకొన్నది. తక్కువైతే గుండు కీలక అవయవాలను చేరదు; ఎక్కువైతే వెనుక ఉన్న అమాయకులకు తగలవచ్చును.

ఎఫ్‌బీఐ మొదట 10 మి.మీ., తరువాత 1990లో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ వాడినది. కాని 2014 ప్రాంతంలో తిరిగి 9 మి.మీ. వైపే మొగ్గినది. తగిలిన తరువాత విచ్చుకునే బోలు మొన గుండ్ల తయారీ మెరుగుపడడంతో క్యాలిబర్ల మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది. చేతికి తగిలే వెనుకతన్ను 9 మి.మీ.లో తక్కువ, గురి త్వరగా కుదురుతుంది, తూటాలు కూడా ఎక్కువ పడతాయి: పాత .45 పిస్తోలు మ్యాగజైన్‌లో 7 పడితే, 1985 నాటి 9 మి.మీ. పిస్తోలులో 15 పడతాయి. గురి తప్పిన పెద్ద గుండు కంటె సరైన చోట తగిలిన చిన్న గుండే పనిచేస్తుంది అన్నది కాదనలేని విషయం.

విచ్చుకునే గుండ్లకు "డమ్‌డమ్" అనే పాత పేరు కలకత్తా సమీపాన గల డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం వలన వచ్చినది. యుద్ధంలో వీటి వాడకాన్ని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించింది.

భారతదేశంలో

ఇక్కడ క్యాలిబర్‌ను సౌలభ్యం కంటె చట్టమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం సైన్యం వాడే 9 మి.మీ., .455 వంటి తూటాలను పేల్చగల చేతి తుపాకులు నిషిద్ధ బోర్ క్రిందకు వస్తాయి. సామాన్య లైసెన్సుదారులకు ముఖ్యంగా .32 రివాల్వర్, పిస్తోళ్ళే దిక్కు. .32 రివాల్వర్ తూటా శక్తి 9 మి.మీ. శక్తిలో సగం కూడా ఉండదు. కాన్పూరులో తయారై, స్త్రీల కోసమని 2014లో విడుదలైన "నిర్భీక్" రివాల్వర్ కూడా .32 బోరే; బరువు సుమారు 500 గ్రాములు. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన కాల్చే హక్కు రాదు. భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లలోని ఆత్మరక్షణ హక్కు అవసరానికి మించిన హానిని అనుమతించదు.