అవ్వ మాట

నేను పుట్టి పెరిగినది మారిషసు దీవిలో. 1834వ సంవత్సరము మొదలుగా చెఱకుతోటల పనికై మనదేశపు కూలీలు ఒడంబడికపై అచ్చటికి పోయిరి. కోరంగి రేవున ఓడ నెక్కుటచే తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను. మా పూర్వులు వారిలోనివారే.

మా వీథిలో మాటాడునది క్రియోలు. బడిలో నేర్పినది ఆంగ్లము, ఫ్రెంచి. అవ్వ తెలుగున పిలిచిన, సగము తెలిసి సగము తెలియక, క్రియోలున బదులు చెప్పుచుంటిని. రామభజనమునాడు ఆమె ప్రక్కన కూర్చుండి తెల్లవాఱువఱకు పాడుచుంటిని. పాటల అర్థము నేనడుగలేదు, ఆమె చెప్పలేదు.

కడపటి దినములలో అవ్వ నా చేయి పట్టుకొని ఏదో చెప్పెను. తల యూపితిని గాని నాకు బోధపడలేదు. ఆమె పోయిన పిదప ఆ మాట లేవియో చెప్పువారు లేకపోయిరి. ఆ దుఃఖముతోనే ఓనమాలు దిద్దితిని.

నేర్చుకొనగా ఒక సంగతి తెలిసినది. క్రియోలులో పెదతండ్రికిని, పినతండ్రికిని, మేనమామకును ‘తొంతొం’ అను మాట యొక్కటియే. తెలుగున ఎవరి పిలుపు వారిది. ఆ పిలుపుతోడనే వారి వరుసయు, విధియు తెలియును. పెండ్లికూతును గంపలో తెచ్చువాడు మేనమామయే గాని పినతండ్రి కాడు. పిలుపు మఱచిన యింట ఈ వరుసలు ఎన్నాళ్లు నిలుచును?

క్రియోలును నేను విడువలేదు. ఇరుగుపొరుగుతో నన్ను కలిపినది అదియే. నేడు అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు చెప్పుచున్నారు. అయినను బడి నేర్పునది అక్షరము. వరుస నేర్పవలసినది ఇల్లు.

దూరదేశములందు మనుమలున్న పెద్దలకు నా మనవి యొక్కటి. పిల్లవాడు పరభాషలో బదులు చెప్పినను మీరు తెలుగున పలుకుట మానకుడు. పాట నేర్పినప్పుడు అర్థమును గూడ చెప్పుడు.