నెగెటివ్ వచ్చాక కూడా వదలని హెచ్‌ఐవీ భయం: అంకెలు ఏం చెబుతున్నాయి?

హెచ్‌ఐవీ పరీక్ష మూడుసార్లు చేయించుకుని, మూడుసార్లూ నెగెటివ్ వచ్చినా నాలుగోసారి ల్యాబు మెట్లెక్కేవాళ్లున్నారు. నాలుక మీద తెల్లటి పూత, మెడలో చేతికి తగిలే చిన్న గడ్డ, అరికాళ్ల మంటలు, ఎంత పడుకున్నా తీరని నీరసం... వీటిలో ఏదో ఒకటి వాళ్లను కుదురుగా ఉండనివ్వదు. ‘టెస్టుకు దొరకలేదేమో’ అన్న అనుమానం తొలుస్తూనే ఉంటుంది. ‘ఏం కాదులే, పో’ అంటే అది పోదు. లెక్క కట్టి చూద్దాం.

వైరస్ ఒంట్లో చేరిన మర్నాడే పరీక్షలో కనపడదు. కనపడేదాకా పట్టే వ్యవధినే విండో పీరియడ్ అంటారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పే ప్రకారం, నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో వైరస్‌ను పట్టుకుంటుంది. అది పి24 అనే వైరస్ ప్రొటీన్‌నూ, మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలనూ కలిపి చూస్తుంది. వేలికొస నుంచి తీసిన చుక్కతో చేసే ర్యాపిడ్ కిట్లకు, యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలకు 90 రోజుల వరకు పట్టవచ్చు. సోకకుండా ముందుజాగ్రత్తగా 28 రోజుల పెప్ మందులు వాడినవాళ్లు మాత్రం ఈ రోజులను ఆ కోర్సు ముగిశాకే లెక్కపెట్టుకోవాలి. గడువు దాటాక వచ్చిన నెగెటివ్ అంటే నెగెటివే. ఆ తర్వాత కొత్తగా రిస్క్ ఏదీ లేకపోతే పదోసారి చేసినా అదే ఫలితం వస్తుంది.

అసలు సోకే అవకాశం ఎంత? హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని స్త్రీతో ఒక్కసారి కండోమ్ లేకుండా కలిస్తే, పురుషుడికి సోకే అవకాశం సగటున 10,000కు 4. పురుషుడి నుంచి స్త్రీకి 8. ఆసన సంభోగంలో స్వీకరించే వ్యక్తికి 138. హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కిస్తే మాత్రం 9,250.

ఇప్పుడు ఒక్కసారి సెక్స్ వర్కర్ దగ్గరికి వెళ్లొచ్చి నెలల తరబడి నలిగిపోతున్న మగవాడిని తీసుకుందాం. మన దేశంలో మహిళా సెక్స్ వర్కర్లలో హెచ్‌ఐవీ ఉన్నవారు 2021 నిఘా సర్వే ప్రకారం 1.85 శాతం. 2 శాతం అనుకుందాం. వాళ్లలో ఎవరూ మందులు వాడటం లేదనీ అనుకుందాం. అప్పుడు అతనికి సోకి ఉండే అవకాశం పది లక్షలకు 8. గడువు దాటాక చేసిన పరీక్ష వెయ్యిలో 5 కేసులను వదిలేస్తుందని అనుకున్నా, నెగెటివ్ వచ్చి కూడా హెచ్‌ఐవీ ఉండే అవకాశం 10 కోట్లకు 4. రెండు తెలుగు రాష్ట్రాల జనాభా కలిపినా 10 కోట్లు కాదు. ఇవన్నీ సగటు లెక్కలు. సుఖవ్యాధి పుండ్లుంటే రిస్క్ పెరుగుతుంది కాబట్టి కండోమ్ పక్కన పెట్టడానికి ఇవి సాకు కావు.

మరి ఒంట్లో ఉన్న బాధల సంగతి? అవి నిజమే. నటన కాదు, పిచ్చి అసలే కాదు. కానీ హెచ్‌ఐవీ తొలి లక్షణాలు, అంటే జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, బిళ్ల కట్టడం వంటివి సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో వచ్చి కొన్నాళ్లకు తగ్గిపోతాయి. ఒంటికి శక్తి సన్నగిల్లి వేరే జబ్బులు పట్టుకోవడానికి, మందులు వాడకపోతే, సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆరో నెలలో ఒళ్లంతా బాధలుండి, పరీక్ష మాత్రం నెగెటివ్‌గా ఉందంటే ఆ బాధలకు కారణం హెచ్‌ఐవీ కాదు.

భయం ఒంటిని ఏం చేస్తుందో చూడండి. అడ్రినలిన్ ఎక్కువై గుండె దడ, చెమటలు, విరేచనాలు. తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు, మూతి చుట్టూ తిమ్మిర్లు. నిద్ర లేక నీరసం, తిండి సహించక బరువు తగ్గడం. మెడలోని మామూలు గ్రంథిని రోజుకు యాభైసార్లు నొక్కి చూస్తే అది నొప్పెట్టక ఏం చేస్తుంది? మందుల షాపులో అడిగి వేసుకున్న యాంటీబయాటిక్స్ వల్ల కూడా విరేచనాలు, నోటిపూత వస్తాయి. దాన్ని మళ్లీ హెచ్‌ఐవీ ఖాతాలోనే వేసుకుంటారు.

ఇది కొత్త సంగతి కాదు. 1985లోనే బ్రిటన్ వైద్యులు ఎయిడ్స్ భయంతో ఎయిడ్స్ లాంటి లక్షణాలే వచ్చినవారి గురించి రాశారు. చైనాలో వందలమంది తమకు ‘పరీక్షకు దొరకని ఎయిడ్స్’ ఉందని నమ్మితే, అక్కడి ప్రభుత్వం 59 మందిని పరీక్షించింది. ఎవరికీ హెచ్‌ఐవీ లేదు. వాళ్లను బాధిస్తున్నది ఆ జబ్బు భయమేనని 2011లో ఆరోగ్య శాఖ ప్రకటించింది. అమెరికాలో 1989లో వెలువడిన ఒక అధ్యయనంలో వెయ్యిమంది రోగులు మూడేళ్లలో చెప్పిన 567 కొత్త బాధలను, అంటే నీరసం, తలతిరుగుడు, తిమ్మిరి లాంటివాటిని పరిశీలిస్తే, శారీరక కారణం తేలింది 16 శాతానికే.

ఇంకో టెస్టుతో మనసు కుదుటపడుతుందా? 3,828 మంది పాల్గొన్న 14 అధ్యయనాలను 2013లో కలిపి చూశారు. పెద్ద జబ్బు ఉండే అవకాశం తక్కువగా ఉన్నవారికి పరీక్షలు చేయించినందువల్ల జబ్బు భయం తగ్గలేదు. రిపోర్టు చేతిలో ఉన్న ఆ సాయంత్రం హాయిగా ఉంటుంది, తర్వాత ‘కిట్ పాతదేమో, శాంపిల్ మారిందేమో’ అని మొదలవుతుంది. చాలామందిని వేధిస్తున్నది వైరస్ కంటే ఎక్కువగా తప్పు చేశానన్న బాధ. భార్య ముఖం చూడలేకపోవడం, కుదిరిన పెళ్లి వాయిదా వేయడం, పిల్లల్ని ముద్దుపెట్టుకోవడానికి జంకడం. దానికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు. మనసు విప్పి మాట్లాడుకోవలసిన విషయం అది.

చేయాల్సింది ఇదీ. ఒకే ఒక్క డాక్టరును ఎంచుకుని, రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12, టీబీతో పాటు సిఫిలిస్, హెపటైటిస్ బి, సి కూడా ఒకసారి చూపించుకోండి. అవన్నీ తేలాక కూడా భయం ఆరు నెలలకు మించి పట్టి పీడిస్తుంటే అది చికిత్స ఉన్న సమస్యే. బ్రిటన్‌లో 444 మందిపై జరిగిన అధ్యయనంలో, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తీసుకున్నవారిలో ఏడాదికి భయం మామూలు స్థాయికి తగ్గినవారు దాదాపు 14 శాతం, తీసుకోనివారిలో 7 శాతం. అద్భుతం కాదు గానీ రెట్టింపు. అవసరమైతే మందులూ ఉన్నాయి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. హెచ్‌ఐవీ సందేహాలకు 1097, మనసు బాధకు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, రెండింటికీ డబ్బు పడదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే చేయండి.