నవలలో మాట సినిమాలో ఎందుకు మారుతుంది?

టోల్కీన్ నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) చదివి, పీటర్ జాక్సన్ తీసిన సినిమాలు (2001–03) చూస్తే పాత్రలు తక్కువ మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. ఎందుకు? పుస్తకంలో అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పొచ్చు. థియేటర్లో ఆ వీలు లేదు. పైగా కోపం, భయం నటుడి ముఖంలోనే తెలిసిపోతాయి.

మరి ఎలా మారుస్తారు? నవలలో మాయా ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చే, ఎల్ఫ్ జాతి నాయకుడు ఎల్రాండ్ సభ చాలా పెద్ద అధ్యాయం. ఒకరి తర్వాత ఒకరు పాత సంగతులు చెబుతూనే ఉంటారు. సినిమాలో ఉంగరం చరిత్ర చాలావరకు మొదట్లోనే, ఎల్ఫ్ జాతి దొరసాని గలాడ్రియెల్ గొంతు వెనక యుద్ధ దృశ్యాలుగా వచ్చేస్తుంది. సభలో ముఖ్యంగా మిగిలింది వాదులాట.

ఇంకో విచిత్రం! లోకం మారిపోతోందంటూ సినిమా మొదట్లో గలాడ్రియెల్ చెప్పే మాటలు, నవల చివర్లో చెట్టురూపంలో ఉండే ట్రీబియర్డ్ ఆమెతో అన్నవి. అలాగే రాజు మేనకోడలు ఎయోవిన్ దుఃఖం గురించి నవలలో మాంత్రికుడు గాండాల్ఫ్ జాలితో అన్న మాటల్ని, సినిమాలో కపటి గ్రీమా ఆమె ముందే అంటాడు. జాలి కాస్తా విషమైపోయింది. నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే.

ఈసారి సినిమా చూశాక నవల తెరిచి, ఎవరి మాట ఎవరి నోట వచ్చిందో మీరే వెతకండి.