పూర్వ విద్యార్థి సంఘం ఎందుకు? ఎవరికోసం?



"సావనీరుకి ఓ వ్యాసం రాసిపెట్టండి సార్, పూర్వ విద్యార్థి సంఘాల మీద" అని మీ యూనియన్ కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాను. నేను రచయితను కాను. కాకపోతే అలాంటి సంఘం ఒకదానికి నాలుగేళ్ళు కార్యదర్శిగా ఉన్నవాణ్ణి, ఆ నాలుగేళ్ళలో ఒక పెద్ద తప్పు చేసినవాణ్ణి. తప్పు చేసినవాడికి చెప్పడానికి నాలుగు మాటలుంటాయి గనుక ఒప్పుకున్నాను.

మాది పాలకాయతిప్ప. దివిసీమలో కోడూరు మండలం. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి పక్కనే మా ఊరు. మాఘ పౌర్ణమికి సాగరసంగమ స్నానాలకు వచ్చే జనమంతా మమ్మల్ని దాటుకునే పోతారు. చేపల వేట, కాస్త వ్యవసాయం, ఇప్పుడు రొయ్యల చెరువులు, ఇవే మా బతుకుతెరువు. అక్కణ్ణించి ఒకడు విశ్వవిద్యాలయం గడప తొక్కాడంటే వెనకాల ఎందరి చెయ్యి ఉంటుందో మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి మీరు విని ఉంటారు. దాదాపు 10,000 మంది పోయారని సర్కారు లెక్క. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ రాత్రి సంగతులు ఇక్కడ రాయను. మర్నాడు కాదు, ఆ తరువాత ఎన్నో రోజుకో, అవనిగడ్డ దగ్గర ఒక సహాయ శిబిరంలో ఉన్నాను. ఎవరో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఒక నోటుబుక్కు పట్టుకుని అందరి దగ్గరకూ వస్తున్నారు. "నీ పేరేంటి నాన్నా? మీ నాన్న పేరు? ఏ ఊరు?" అని అడిగి రాసుకున్నారు. వాళ్ళు నాకు అన్నం పెట్టలేదు, గుడ్డలివ్వలేదు. పేరు రాసుకున్నారంతే. ఆ పుస్తకంలో నా పేరు చూసుకునే మా మేనమామ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ కుర్రాళ్ళు ఎవరో ఈనాటికీ నాకు తెలియదు.

సంఘమనే మాటకు నాకు తెలిసిన మొదటి అర్థం ఆ నోటుబుక్కే. ఎవరు ఎక్కడున్నారో ఒకచోట రాసి ఉండడం. తక్కినవన్నీ దాని తరువాతివి.

ఇక అసలు విషయానికి వస్తాను.

పూర్వ విద్యార్థి సంఘమనేది కొత్త సరుకు కాదు. అమెరికాలోని విలియమ్స్ కళాశాలలో 1821లోనే ఒక సంఘం పుట్టింది. అప్పుడు ఆ కళాశాల మూతపడేటట్టు ఉంటే పాత విద్యార్థులు దాన్ని నిలబెట్టడానికి కూడారు. అంటే పుట్టుకలోనే దాని పని ఏమిటో తేలిపోయింది.

మన తెలుగునాట అంతకంటె గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాదులో మామూలుగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. అది మొదలుపెట్టింది ప్రభుత్వమూ కాదు, వ్యాపారస్తులూ కాదు. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్ళు! సంస్థానంలో ఆర్థిక పరిస్థితుల మీద సర్వే చేయించాలనుకున్నారు, డబ్బు లేదు. స్థానికంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే నిధి వస్తుందని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మార్చారు. ఈనాడు ఆ ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయంతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వంటి పదికి పైగా విద్యాసంస్థలు నడుస్తున్నాయి. చదువు పూర్తయినవాళ్ళు కూర్చుని "మనం చదివాం, మరి తరువాతివాళ్ళ సంగతేమిటి?" అనుకుంటే ఏమవుతుందో చూడండి.

మరి మన సంఘాలు చాలావాటికి ఏమి జబ్బు? నా అనుభవమే చెబుతాను.

మా ప్రాంతం నుంచి వెళ్ళి చదువుకున్నవాళ్ళం కొందరం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. పేరు అక్కర్లేదు. రజతోత్సవం వచ్చింది. కార్యదర్శిని నేనే. హాలు, భోజనాలు, బ్యానర్లు, వేదిక మీద 18 మంది పెద్దలు, వాళ్ళకు 18 శాలువలు. ఒక్కొక్కటి 650 రూపాయల చొప్పున 11,700. బాగా జరిగిందని అందరూ అన్నారు.

ఆరోజు పొద్దున్న హాలు గుమ్మం దగ్గర మా తిప్ప కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. చేతిలో దరఖాస్తు. హాస్టల్ మెస్సు బకాయి 11,200, కట్టకపోతే పరీక్షకు రానివ్వరట. నేను హడావుడిలో ఉన్నాను. "ఫంక్షన్ అవ్వనీ నాన్నా, చూద్దాం" అన్నాను. ఫంక్షన్ అయ్యాక చూస్తే ఖాతాలో మిగిలింది 1,340 రూపాయలు. నేను దరఖాస్తు సంగతే మరిచిపోయాను.

మాఘ పౌర్ణమికి ఊరు వెళ్ళినప్పుడు వాణ్ణి ఒక రొయ్యల చెరువు గట్టు మీద చూశాను, కాపలా పనిలో. "చదువేమైందిరా?" అన్నాను. "ఏం లేదు బాబాయ్. మీరు ఆరోజు పనిలో ఉన్నారు కదా, మళ్ళీ అడగడం బాగోదని" అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. వాడు నాకు కుర్చీ కోసం వెతుకుతున్నాడు.

లెక్కల్లో మేము ఒక్క రూపాయి తినలేదు. ఆడిట్ శుభ్రంగా ఉంది. అయినా సంఘం దేనికి పుట్టిందో ఆ పని జరగలేదు. దొంగతనం జరిగితేనే సంఘం చెడిపోయిందనుకుంటాం గానీ, నిజాయితీగా కూడా చెడిపోవచ్చునని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. మీకు పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

మొదటిది, రెండు ఖాతాలు. సభకూ భోజనాలకూ అయ్యే ఖర్చు వచ్చినవాళ్ళ దగ్గరే విడిగా వసూలు చేసుకోవాలి. విద్యార్థుల నిధిని బ్యాంకులో డిపాజిట్ చేసి, వడ్డీ మాత్రమే వాడాలి. ఒకదాని డబ్బు రెండోదానికి వెళ్ళకూడదు.

రెండోది, గడువు. దరఖాస్తు వచ్చిన ఏడు రోజుల్లో ముగ్గురు సభ్యులు ఔననో కాదనో చెప్పెయ్యాలి. పేదవాడికి ఆలస్యంగా చెప్పిన "సరే" కంటె వెంటనే చెప్పిన "లేదు" నయం. వేరే దారి చూసుకుంటాడు.

మూడోది, పదవి రెండేళ్ళే. వెంటనే రెండోసారి ఎవరూ ఉండకూడదు. నాతో సహా.

ఇక చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు చాలు, సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. యేటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి. చాలా సంఘాలు ఇక్కడే నిద్రపోతాయి. నాక్ బృందం కళాశాలకు వస్తుందంటే లేచి ఫైలు సర్దుకుని, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పడుకుంటాయి. పూర్వ విద్యార్థుల తోడ్పాటుకు నాక్ మార్కులు ఇస్తుంది, నిజమే. మార్కుల కోసం కట్టిన సంఘం మార్కులతోనే ఆగిపోతుంది.

విదేశాల్లో ఉన్న మిత్రుల డబ్బు విషయంలో జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్నవాడు తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కులేదు. అదే మనిషి అమెరికా పౌరుడైపోతే ఆ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా సంఘం దాన్ని తీసుకోకూడదు. స్నేహం వేరు, చట్టం వేరు.

నాయకత్వం గురించి కూడా రాయమన్నారు. దీనికి నేను పుస్తకాలు చదవలేదు, మా ఒడ్డునే చూశాను. తీరంలో లాగే పెద్ద వల ఉంటుంది. పడవ మీద వెళ్ళి అర్ధచంద్రంగా వేసి వస్తారు. రెండు కొసల తాళ్ళు ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. ఒక జట్టు బలంగా ఉందని తొందరగా లాగేస్తే వల ఒరిగిపోతుంది, చేప పక్కనుంచి వెళ్ళిపోతుంది. అందుకని ఒక పెద్దమనిషి మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తూ కేకలేస్తుంటాడు. అందరికంటె ఎక్కువ లాగేది ఆయన కాదు. రెండు పక్కలా సమంగా వచ్చేటట్టు చూడడమే ఆయన పని.

మన సంఘంలోనూ రెండు జట్లుంటాయి. దూరంగా ఉండి డబ్బున్నవాళ్ళు ఒకటి, దగ్గర ఉండి తీరిక ఉన్నవాళ్ళు ఒకటి. డబ్బు జట్టు తొందరపడితే భవనాల మీద పేర్లు లేస్తాయి. తీరిక జట్టు తొందరపడితే సన్మానాలు పెరుగుతాయి. రెండింటినీ సమంగా లాగించగలిగినవాడే అధ్యక్షుడు. వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చున్నవాడు కాదు.

ఆ కుర్రాడు తిరిగి చదువుకు రాలేదు. మేము వెళ్ళి అడిగాం, కాలం దాటిపోయిందన్నాడు. అయితే మా కొత్త నిధి నుంచి మొదటి సాయం అందుకున్నది వాళ్ళ చెల్లెలే. దరఖాస్తు వాడే తెచ్చాడు. ఐదో రోజున జవాబిచ్చాం.

చివరగా ఒక్క మాట. సంఘం పెట్టడానికి మీరు పాత విద్యార్థులు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. పరీక్షలు అయ్యేలోపు ఒక లావుపాటి నోటుబుక్కు కొనండి. ప్రతి ఒక్కరి పేరూ, తల్లిదండ్రుల పేర్లూ, సొంత ఊరూ రాయించండి. ఫోన్ నంబర్లు మారిపోతాయి, ఊరు మారదు. ఆ పుస్తకాన్ని యూనియన్ గదిలో భద్రంగా ఉంచి, వచ్చే యేడు కార్యవర్గానికి అప్పజెప్పండి.

ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అందులో ఒక పేరు వెతుక్కుంటూ వస్తారు. నన్ను వెతుక్కుంటూ మా మేనమామ వచ్చినట్టు.

సెలవు.