బరువు చార్జీ

విమాన ప్రయాణికుల ఒంటి బరువును కిలోల్లో లెక్కగట్టి టికెట్ ధర వసూలు చేయడమే బరువు చార్జీ. పసిఫిక్ దీవుల మధ్య పది మందికి మించి పట్టని విమానాలు నడిపిన సమోవా ఎయిర్ ఈ పద్ధతితో 2013లో ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకెక్కింది. టికెట్ తీసుకునేటప్పుడే ప్రయాణికులు తమ బరువు, సామాను బరువు చెప్పాల్సి వచ్చేది. విమానాశ్రయంలో మళ్లీ కాటా ఎక్కాల్సి వచ్చేది.

చిన్న విమానంలో ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. బరువంతా వెనక్కి చేరితే గరిమనాభి జరిగిపోయి విమానం అదుపు తప్పవచ్చు. అందుకే ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదీ బరువును బట్టే చూస్తారు. పెద్ద విమానాలకు సగటు బరువు సరిపోతుంది. ఆ సగటును సరిచూసుకోవడానికే 2023లో ఎయిర్ న్యూజిలాండ్, 2024లో ఫిన్ఎయిర్ ఇష్టపడిన ప్రయాణికులను తూచాయి. దానికీ చార్జీకీ సంబంధం లేదు.

బరువు పెరిగితే ఇంధనం ఎక్కువ కాలుతుందన్నది నిజమే. కానీ సిబ్బంది జీతాలు, విమానాశ్రయ రుసుములు మనిషి బరువును బట్టి మారవు కదా! పైగా సామాను తగ్గించుకోవచ్చు గానీ, పొడవునూ థైరాయిడ్ జబ్బునూ కడుపులోని బిడ్డనూ ఎలా తగ్గించుకుంటారు? కెనడా 2008లో ఇందుకు భిన్నమైన దారి పట్టింది. వైకల్యంగా పరిగణించేంత స్థూలకాయంతో రెండు సీట్లు అవసరమైనవారికి, ప్రధాన సంస్థల దేశీయ విమానాల్లో ఒకే చార్జీ తీసుకోవాలని ఆదేశించింది. న్యాయమైన పద్ధతి ఇదే. ఇక సమోవా ఎయిర్ 2015లో మూతపడింది.