జబ్బు చేయని వైరస్

బియ్యం చెరిగితే చేటలో నూకలు విడిగా కనబడతాయి. 1965లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనిపించిందీ దాదాపు అలాంటి దృశ్యమే. ఆచిసన్, కాస్టో, హామన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎడినోవైరస్‌ను పరిశీలిస్తున్నారు. జలుబూ కండ్లకలకా తెచ్చే వైరస్‌ల కుటుంబం అది. ఆ పెద్ద రేణువుల మధ్య, వాటిలో మూడో వంతు కూడా లేని చిన్న చిన్న చుక్కలు కనబడ్డాయి. విరిగిన ముక్కలేమో అనుకుని వదిలేయవచ్చు. వాళ్ళు వదల్లేదు. వేరుచేసి చూస్తే అది మరో వైరస్ అని తేలింది. ఒంటరిగా కణంలోకి వెళ్తే అది తన సంతతిని పెంచుకోలేదు. పక్కన ఎడినోవైరస్ ఉంటేనే దానికి ఎదుగుదల. అందుకే దానికి ఎడినో అనుబంధ వైరస్ అన్న అర్థంలో ‘ఏఏవీ’ అని పేరు పడింది.

వైద్యులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి అది తెచ్చే జబ్బేదీ కనబడలేదు. మనలో చాలామందికి చిన్నప్పుడే ఎప్పుడో సోకి, మనకు తెలియకుండానే వెళ్ళిపోయి ఉంటుంది. దానివల్ల ఫలానా రోగం వస్తుందని గట్టిగా రుజువైంది ఇప్పటికీ లేదు. ఆ నిరపాయమైన గుణమే తర్వాత కొన్ని వేల మంది పసిపిల్లల ప్రాణం నిలబెట్టింది.

మన ఒంట్లో ప్రతి ప్రొటీన్ వెనకా ఒక జన్యువు ఉంది. డీఎన్ఏలో నాలుగే నాలుగు అక్షరాలతో రాసి ఉన్న వాక్యం అది. వాక్యం చెరిగిపోతే ఆ ప్రొటీన్ తయారవదు. కొన్ని జబ్బుల్లో ఆ లోటు బయటినుంచి పూడ్చవచ్చు. హీమోఫీలియా ఉన్నవాళ్ళకి రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్ ఎక్కించేది అందుకే. కానీ ప్రొటీన్ కావలసింది వెన్నుపాములోని నాడీకణం లోపల అయితే సూదితో అక్కడికి ఎలా చేరుస్తాం? ప్రొటీన్ బదులు జన్యువునే పంపిస్తే కణమే తనకు కావలసింది తయారుచేసుకుంటుంది. 1972లో ఫ్రీడ్‌మన్, రాబ్లిన్ అనే ఇద్దరు ‘సైన్స్’ పత్రికలో ఈ ఆలోచనను చర్చకు పెట్టారు. జన్యు చికిత్స సారాంశం ఇంతే. చిక్కంతా మోసుకెళ్ళేవాళ్ళ దగ్గర వచ్చింది. వట్టి డీఎన్ఏని రక్తంలో వదిలితే ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. కణం పొర దాటి, లోపలున్న కేంద్రకం పొర కూడా దాటి, సరుకును భద్రంగా దించే విద్య పుట్టుకతో వచ్చినవి వైరస్‌లే.

ఏఏవీ నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. 60 ప్రొటీన్ పలకలు కలిసి ఇరవై ముఖాల చిన్న డబ్బాలా అతుక్కుంటాయి. దాని అడ్డుకొలత సుమారు 25 నానోమీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరు పొడవున 40 వేల వైరస్‌లను వరసగా పేర్చవచ్చు. ఆ డబ్బాలో ఉన్న డీఎన్ఏ దాదాపు 4,700 అక్షరాలు. ఆ అక్షరాల వరసను 1983లో అచ్చువేసిన బృందంలో మొదటి పేరు మన దేశంనుంచి వెళ్ళిన అరుణ్ శ్రీవాస్తవది. అందులో ముఖ్యమైన జన్యు భాగాలు రెండు. ఒకటి నకళ్ళు తీయడానికి, రెండోది డబ్బా తయారీకి. రెండు కొసల్లోనూ 145 అక్షరాల చొప్పున, తమలో తాము మడతపడే ముడులు ఉంటాయి. ఈ డీఎన్ఏని డబ్బాలోకి ఎక్కించాలని చెప్పే గుర్తులు ఆ ముడులే. కాబట్టి ముడులు ఉంచి, మధ్యలో ఉన్నదంతా తీసేసి, మనకు కావలసిన జన్యువు పెట్టవచ్చు. 1984లో హెర్మొనాట్, ముజిచ్కా ఆ పని చేసి చూపించారు. వైరస్ పోయి వాహనం మిగిలింది.

అయినా మొదటి అవకాశం దానికి రాలేదు. 1990 సెప్టెంబరు 14న అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో, రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన నాలుగేళ్ళ పాపకి తొలిసారి జన్యు చికిత్స చేసినప్పుడు వాడింది వేరే జాతి వైరస్. ఆ పాప రక్తకణాలు బయటికి తీసి, జన్యువు చేర్చి, తిరిగి ఎక్కించారు. ఆ తర్వాత దశాబ్దమంతా ఉత్సాహమే. ఆ ఉత్సాహం 1999 సెప్టెంబరులో ఒక్కసారిగా చల్లారింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, కాలేయ ఎంజైము లోపంతో పుట్టిన 18 ఏళ్ళ జెస్సీ గెల్సింగర్ ప్రయోగానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చాడు. అతనికి ఎక్కించింది ఎడినోవైరస్, 1965లో మైక్రోస్కోపు కింద కనబడిన ఆ పెద్ద రేణువుల కుటుంబమే. శరీరం దానిమీద విరుచుకుపడింది. నాలుగు రోజుల్లో అతను చనిపోయాడు. ప్రయోగం నడిపిన తీరులో లోపాలున్నాయని అమెరికా ప్రభుత్వ విచారణ తేల్చింది. కొద్ది ఏళ్ళకే పారిస్‌లో మరో దెబ్బ. రోగనిరోధక లోపం నయమైన పిల్లల్లో కొందరికి లుకేమియా వచ్చింది. అక్కడ వాడిన రెట్రోవైరస్ తన సరుకును క్రోమోజోములో ఎక్కడపడితే అక్కడ గుచ్చుతుంది. అది క్యాన్సర్‌ను రేపే జన్యువు పక్కన పడింది.

అప్పుడు అందరి చూపూ చిన్నదాని మీద పడింది. ఏఏవీ మోసుకెళ్ళిన డీఎన్ఏ చాలావరకు క్రోమోజోములో దూరదు. కేంద్రకంలో ఒక పక్కన చుట్టలా ఉండిపోయి పని చేసుకుంటుంది. గెల్సింగర్ ప్రయోగానికి నాయకత్వం వహించిన జేమ్స్ విల్సన్ ప్రయోగశాలే తర్వాతి ఏళ్ళలో మనుషుల, కోతుల కణజాలాల్లో గాలించి కొత్త ఏఏవీ రకాలను పట్టుకుంది. వాటిలో తొమ్మిదో రకానికి ఒక అరుదైన శక్తి ఉందని 2009లో ఎలుక పిల్లల్లో తేలింది. రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలు, మెదడు చుట్టూ ఉండే కాపలా దాటి వెన్నుపాము నాడీకణాల్లోకి చేరుతోంది.

ఆ శక్తి కోసం ఎదురుచూస్తున్న జబ్బు ఒకటి ఉంది. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, పొట్టిగా ఎస్‌ఎంఏ. సుమారు పదివేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. ఐదో క్రోమోజోము మీదున్న ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు లేకపోతే, కండరాలను కదిలించే నాడీకణాలు వెన్నుపాములో ఒక్కొక్కటీ చచ్చిపోతాయి. తీవ్రమైన రకంలో బిడ్డ పుట్టినప్పుడు బాగానే కనిపిస్తుంది. ఆరు నెలలు నిండేలోగా కాళ్ళు కదపడం తగ్గుతుంది, మెడ నిలవదు, ఏడుపు సన్నబడుతుంది. కళ్ళు మాత్రం చురుగ్గా అమ్మనే చూస్తుంటాయి. తెలివికి లోటుండదు. చికిత్స లేకపోతే చాలామంది రెండేళ్ళు దాటరు, దాటినా వెంటిలేటర్ మీదే.

ఈ జబ్బుకి ఏఏవీతో చికిత్స చేసిన తొలి ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఒహాయోలో జెర్రీ మెండెల్ బృందం పూర్తి మోతాదు ఇచ్చిన 12 మంది పసివాళ్ళలో 11 మంది ఆధారం లేకుండా కూర్చున్నారు. ఇద్దరు నడిచారు. 20 నెలల వయసుకి అందరూ బతికే ఉన్నారు, ఒక్కరికీ శాశ్వతంగా వెంటిలేటర్ అవసరం రాలేదు. ఈ రకం ఎస్‌ఎంఏ ఉన్న బిడ్డ ఎవరూ ఎన్నడూ కూర్చోరని పుస్తకాల్లో రాసి ఉన్న రోజులవి.

ఆ మందు ఎక్కించే గంటసేపు చూడటానికి ఏమంత విశేషంగా ఉండదు. గడ్డకట్టిన స్థితిలో వచ్చిన సీసాలు ఫ్రిజ్‌లో కరుగుతాయి. బిడ్డను తూకం వేస్తారు. ఐదు కిలోలుంటే మందు 27.5 మిల్లీలీటర్లు, అంటే ఇంట్లో దగ్గుమందు తాగించే చెంచాతో కొలిస్తే ఐదారు చెంచాలు. ముందురోజే స్టెరాయిడ్ మొదలుపెడతారు. చిన్న చేతి రక్తనాళానికి సన్నటి గొట్టం అమర్చి, పంపుతో అరవై నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తారు. నీళ్ళలా కనిపించే ఆ మందులో కిలో బరువుకి కోటి కోట్లకు పైగా వైరస్ డబ్బాలుంటాయి. రాసిన అంకె తప్పు కాదు, కోటిని కోటితో హెచ్చవేయాలి. వాటిలో చాలా భాగం కాలేయంలో ఆగిపోతుంది. కొంత వెన్నుపాము చేరుతుంది. నాడీకణాలు పెద్దయ్యాక విభజన చెందవు కాబట్టి, చేరిన జన్యువు అక్కడే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అందుకే ఈ చికిత్స జీవితంలో ఒక్కసారే.

ఒక్కసారే ఇవ్వడానికి మరో కారణమూ ఉంది. ఆ గంట తర్వాత శరీరం ఏఏవీని గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి ఇస్తే యాంటీబాడీలు దారిలోనే పట్టేస్తాయి. చిన్నప్పుడే ఈ వైరస్ సోకినవాళ్ళలో మొదటిసారికే ఆ అడ్డు ఉండవచ్చు గనక ముందు రక్తపరీక్ష చేస్తారు. కాలేయం దెబ్బతినే ప్రమాదం నిజమైనది. 2022లో ఈ చికిత్స తర్వాత కాలేయం చెడి ఇద్దరు పిల్లలు చనిపోయారు. మందు ఇచ్చాక నెలల తరబడి రక్తపరీక్షలు తప్పనిది ఇందుకే. డబ్బా చిన్నది కావడం ఇంకో పరిమితి. డుషెన్ కండర క్షీణతలో కావలసిన డిస్ట్రోఫిన్ జన్యువు కోడ్ 11 వేల అక్షరాలు. దాన్ని కుదించి ఎక్కించిన మందు 2023లో అమెరికాలో వచ్చింది గానీ ఫలితం ఆశించినంత లేదు, మరణాలూ జరిగాయి. ఏఏవీ అన్ని జన్యు రోగాలకీ సమాధానమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కంటికి మాత్రం అది బాగా కుదిరింది. ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపంతో చూపు పోతున్నవాళ్ళకి రెటీనా కింద ఇచ్చే మందుకి 2017 డిసెంబరులోనే అమెరికా అనుమతి దొరికింది.

ఎస్‌ఎంఏ మందు జోల్‌జెన్‌స్మా పేరుతో 2019 మేలో 21.25 లక్షల డాలర్ల ధరకు వచ్చింది. మన లెక్కలో అదే ‘16 కోట్ల ఇంజెక్షన్’. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి ఆ మందు అందింది. ఎక్కడెక్కడి వాళ్ళో ముక్కూ మొహం తెలియని బిడ్డ కోసం తలా కొంత వేసుకున్నారు, కేంద్రం దిగుమతి సుంకం వదులుకుంది. ఆ మంచితనానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ప్రతి బిడ్డ ప్రాణానికీ ఊరూరా చందాలు పోగుచేయడం వైద్యం అనిపించుకోదు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద కేంద్రం ఇచ్చే సాయం 50 లక్షల వరకే. మిగిలిన పదిహేనున్నర కోట్లు ఏ తల్లిదండ్రులు తేగలరు?

దారి లేకపోలేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఐదుగురు హీమోఫీలియా రోగులకి మరో రకం వైరస్ వాహనంతో చేసిన జన్యు చికిత్స ఫలితాలు 2024 చివర్లో వచ్చాయి. తరచూ రక్తస్రావంతో బాధపడ్డవాళ్ళకి ఆ బెడద తప్పింది. ఈ వాహనాలను మన దగ్గరే తయారుచేయడం నేర్చుకుంటే ధర దిగుతుంది. ధర ఎంత దిగగలదో హైదరాబాద్ కంపెనీ నాట్కో మరో మందు విషయంలో ఇప్పటికే చూపించింది. ఎస్‌ఎంఏకే వాడే నోటి మందు రిస్‌డిప్లామ్ జన్యు చికిత్స కాదు, ఎస్‌ఎంఎన్1ను పోలి ఒంట్లోనే ఉన్న మరో జన్యువు చేత ఎక్కువ పని చేయించే మందు. సీసా ధర 6 లక్షల పైచిలుకు ఉండేది. పేటెంటుపై కోర్టు వివాదం తేలాక 2025 అక్టోబరులో నాట్కో దాన్ని 15,900 రూపాయలకు తెచ్చింది.

ఏ మందైనా, చచ్చిపోయిన నాడీకణాన్ని తిరిగి తేలేదు. మిగిలి ఉన్నవాటినే కాపాడుతుంది. లక్షణాలు కనబడకముందే, ఆరు వారాల వయసులోపు మందు ఇచ్చిన ఒక అధ్యయనంలో, తీవ్రమైన రకం రావలసిన 14 మందికి 14 మందీ కూర్చున్నారు, ఎక్కువమంది నడిచారు. అందుకే ఈ మాట ఇళ్ళలో పెద్దవాళ్ళకి చెబుతున్నాను. మూడు నాలుగు నెలల బిడ్డ మెడ నిలపకపోతే, కాళ్ళు కప్పలా పక్కలకి వాలిపోతుంటే, ఊపిరికి ఛాతీ బదులు పొట్ట ఎగసిపడుతుంటే ‘మన వంశంలో అందరికీ ఆలస్యమే’ అని సర్దుకోకండి. ఆ వారంలోనే పిల్లల నరాల డాక్టరుకి చూపించి, ఎస్‌ఎంఎన్1 పరీక్ష అడగండి. సుమారు యాభై మందిలో ఒకరు ఈ లోపం మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం. మేనరికంలో ఆ ఇద్దరూ కలిసే అవకాశం ఎక్కువ, బయటి సంబంధమైనా లేకపోలేదు. మీ ఇంట్లోగానీ దగ్గరి బంధువుల్లోగానీ ఏ బిడ్డ అయినా ఇలా నీరసించి పోయి ఉంటే, తర్వాతి కాన్పుకి ముందే భార్యాభర్తలిద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి.