గంట మోగితే నోరూరుతుందెందుకు?

రాత్రి మెస్ గంట మోగగానే, అన్నం కనబడకముందే మనలో చాలామందికి నోరూరుతుంది. ఈ అలవాటు మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. గంట, దాని వెంటే అన్నం రోజూ రావడం వల్ల దానంతటదే వచ్చింది. జంతువులు నేర్చుకునే ఒక పద్ధతి ఇదే.

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందారు. ఆయన కుక్కలకు తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించేవారు. కొన్నాళ్ళకు శబ్దం వినిపిస్తే చాలు, తిండి లేకపోయినా వాటికి లాలాజలం ఊరింది. తిండి పెట్టకుండా శబ్దమే పదే పదే వినిపిస్తే మాత్రం అది క్రమంగా తగ్గిపోయింది.

రెండవ పద్ధతి, చేసిన పనికి దొరికే ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం. అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆకలిగా ఉన్న ఎలుకను ఒక పెట్టెలో ఉంచారు. అటూ ఇటూ తిరుగుతూ అది మీట నొక్కినప్పుడు తిండి పడింది. ఇక అది మళ్ళీ మళ్ళీ నొక్కసాగింది. కష్టమైన పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకూ బహుమతి ఇస్తే జంతువు నేర్చుకుంటుందని ఆయన చూపించారు.

టాంజానియాలో పెద్ద జాతి ఎలుకలకు మందుపాతరల వాసన పట్టడం ఇలాగే నేర్పుతారు. వాసన గుర్తిస్తే 'టిక్' మని శబ్దం, వెంటనే తిండి. అలా నేర్చిన మగావా అనే ఎలుక కంబోడియాలో 71 మందుపాతరలను కనిపెట్టింది. 2020లో బ్రిటన్‌లోని ఒక జంతు సంక్షేమ సంస్థ దానికి బంగారు పతకం ఇచ్చింది. 2022లో అది చనిపోయింది.

ఇంత దూరం వెళ్ళనక్కరలేదు. మన ఊళ్ళలో కొత్త కోడెకు పని మప్పేటప్పుడు, పని తెలిసిన ఎద్దు పక్కన కాడికి కడతారు. ముందు ఖాళీ బండి, తరువాతే బరువు. స్కిన్నర్ పేరు వినని రైతుకు కూడా ఈ సంగతి తెలుసు.

మరి కర్ర సంగతేమిటి? దెబ్బతో కూడా జంతువు నేర్చుకుంటుంది. కానీ అది ముందు నేర్చుకునేది పని కాదు, భయం. గంటకూ అన్నానికీ ముడిపడినట్లే కర్రకూ నొప్పికీ ముడిపడుతుంది. ఆ తరువాత కర్ర పట్టుకున్న మనిషిని చూసినా బెదురుతుంది.

ఎక్కాలు తప్పినందుకు దెబ్బలు తిని, లెక్కల పుస్తకం తెరవాలంటేనే వణికేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళు మొద్దులు కారు. వాళ్ళు నేర్చుకున్నారు, కాకపోతే నేర్చుకున్నది భయం. తిండి రాని శబ్దానికి నోరూరడం తగ్గినట్లే, దెబ్బ పడని చోట ఈ భయమూ మెల్లగా తగ్గుతుంది.

కాబట్టి స్టడీ అవర్‌లో తమ్ముడో చెల్లెలో తప్పు చేస్తే నవ్వకుండా పక్కన కూర్చుందాం. రెండో ఎక్కంతో మొదలుపెట్టిద్దాం. సరిగా చెప్పగానే 'భేష్' అందాం. కోడె పక్కన నడిచే పెద్ద ఎద్దు చేసేది కూడా ఇంతే గదా!